నిటారుగా నిలిచిన తెర

అతని పేరు నేను అడగలేదు. మార్కెట్‌కు పసుపు కొమ్ముల బండ్లు వచ్చే రోజులు. ఆర్మూర్‌లో బస్సులన్నీ ఆలస్యం. బస్టాండ్‌లో నా పక్కన కూర్చున్న ఆ యువకుడు అరచేతిలో పట్టేంత చిన్న మడత కంప్యూటర్‌ను మెడ వంచి చదువుతున్నాడు. తెర మీద అక్షరాలన్నీ పక్కకు పడుకుని ఉన్నాయి. నేను చూడటం గమనించి నవ్వాడు.

"విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిన అక్కా. ఫ్రీ గదా. ఎక్కించినకాంచి స్క్రీన్ గిట్ల అడ్డం తిరిగింది. అందరు నాకు మెడ పట్టిందనుకుంటున్నరు."

నా సంచిలోనూ అలాంటిదే ఉంది. నాకు వాడటం రాదు, చార్జింగ్ మాత్రం పెడుతుంటాను. తీసి ఆన్ చేశాను.

"గిది లినక్సే! సీదా ఎట్ల వచ్చింది?"

"మా తమ్ముడు చేసిండు."

"జర ఆయన నంబర్ ఇయ్యుండ్రి, అడుగుత."

"వాడు లేడు. మొన్న ఎండాకాలంల జ్వరమొచ్చి పోయిండు."

అతను తన కంప్యూటర్ మూసేశాడు. మెల్లగా అన్నాడు. "ఆయన రాసిన సెట్టింగ్ ఒక్కటి కాపీ చేసుకుంట అక్కా. మీదాంట్ల ఏం చెరిగిపోదు."

చెరిగిపోతుందన్న భయంతోనే అప్పటిదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇచ్చాను. అతను పెన్‌డ్రైవ్ పెట్టి పని చేసినంతసేపూ నేను తమ్ముడి కంప్యూటర్ అంచు పట్టుకునే ఉన్నాను. అతను వదలమనలేదు.

భీమ్‌గల్ బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని తన కంప్యూటర్ తెరిచి ఆ పెన్‌డ్రైవ్ దానికి పెట్టాడు. బస్సు కదిలేదాకా చూశాను. మెడ వంచకుండా చదువుకుంటున్నాడు.