రేణుకమ్మ కాగితాల గోడ

శంషాబాదులో గోడకు కాగితాలు అంటించిన ఇల్లు ఆ రోజుల్లో రేణుకమ్మది ఒక్కటే. గొప్ప కోసం అంటించినవి కావు, ఆమె అంటించినవీ కావు. అంటించింది అత్త భాగ్యమ్మ. రెండో ప్రపంచ యుద్ధం మొదలుకాక ముందు, కిరాణా కొట్టు అనంతయ్యను అడిగి పొట్లాలు కట్టే పాత ఉర్దూ పేపర్లు ఒక మోపు తెచ్చి, జొన్నపిండితో గంజి కాచి, లోపలి గదిలో ఒక గోడంతా కప్పేసింది. ఎందుకని అడిగితే "మట్టి రాలుతున్నది" అంది. మిగతా మూడు గోడలూ అంతకంటే ఎక్కువే రాలుతుండేవి. వాటి జోలికి ఆమె పోలేదు.

అసలు కారణం రేణుకమ్మకు తెలుసు. బిడ్డను ఊయలలో వేసే తొట్టెల రోజున కుడి పాదానికి జాజు, అంటే ఎర్రమన్ను పూసి, నాయనమ్మ చేతుల మీదుగా గోడకు అద్దించడం ఆ ఇంటి ఆనవాయితీ. తొలిచూలు బిడ్డ కొండల్ పాదాన్ని ఆ గోడకే అద్దారు. ఏడాది తిరగకముందే పిల్లవాడు జ్వరంతో పోయాడు. దినాలు కాగానే అత్త గంజి కాచింది. ఒక్క చిన్న పాదం కోసం గోడంతా ఎందుకు కప్పావని అడిగే ధైర్యం కోడలికి లేదు, చెప్పే అలవాటు అత్తకు లేదు. ఆ తర్వాత ఇద్దరు పుట్టారు. వాళ్ల పాదాలు ఎదురు గోడకు ఎక్కాయి. కొండల్ పేరు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

రేణుకమ్మది బాలాపూర్. నోట్లో నాలుక లేని మనిషని పుట్టింట్లో పేరు. అత్తవారింట్లో ఆ పేరు నిలబెట్టింది. గొడ్ల కింద ఊడ్చి, కూరగాయల గంప నెత్తిన పెట్టుకొని స్టేషన్ దాకా పోయి అమ్ముకొచ్చేది. పడుకునేటప్పుడు మాత్రం ఆ గోడ వైపే తిరిగేది. అక్కడ ఒక పేపరు మీద మీసాలాయన ఒకడు గడియారం చూపిస్తూ నవ్వుతుండేవాడు. గోడంతా కాగితమయ్యాక చోటు ఆనవాలు తప్పినా, పాదం అతని వెనకే ఉందని ఆమె నమ్మకం. ఆ మీసాలాయనను చూసినంత సేపు కట్టుకున్న మొగుణ్ణి కూడా చూసి ఉండదు.

చివరకు చెదలు వచ్చాయి. గంజి రుచి మరిగి, కాగితాలను వెనక నుంచి తింటూ దూలం దాకా ఎక్కాయి.

"ఇగ పీకెయ్యాల్సిందే," అన్నాడు ఆమె మొగుడు ఐలయ్య.

రేణుకమ్మ గోడ వైపు చూసింది. కాగితం ఊడాలంటే తడపాలి, తడిపితే జాజు కారిపోతుంది. తడపకుండా గీకితే మట్టితో సహా రాలిపోతుంది. బిడ్డ గుర్తుగా ఈ లోకంలో మిగిలింది ఆ ముద్ర ఒక్కటే.

మొగుడు నీళ్లకు బావికి పోయిన సందులో ఆమె గరిటె కాడతో గీకడం మొదలుపెట్టింది. మంచం మీద కూర్చున్న భాగ్యమ్మది ఒకటే పట్టింపు, అక్షరమున్న కాగితం కాలికి తగలరాదు. ఇంట్లో ఎవరికీ ఉర్దూ మాట అటుంచి, తెలుగు అక్షరం కూడా రాదు. అయినా ప్రతి ముక్కనూ కళ్లకద్దుకొని గంపలో వెయ్యాల్సిందే. జుట్టు విరబోసుకున్న తలనూనె ప్రకటన బొమ్మను కూడా రేణుకమ్మ భక్తిగా కళ్లకద్దుకుంది.

మీసాలాయన సగం ఊడాడు. వెనక చెదలమట్టి తప్ప ఏమీ లేదు. మిగతా సగం కూడా పీకింది. అక్కడా మట్టే. ఇన్నేళ్లూ ఊరికే ఇతని మొహం చూస్తూ పడుకున్నానా అనుకుంది.

ఐలయ్య కడవతో వచ్చాడు. "గిట్ల గీక్కుంట కూసుంటె దీపావళికి గూడ కాదు. జరుగు, నీళ్లు కొడత."

"జర ఆగు," అంది రేణుకమ్మ.

"ఎందుకాగాలె? ఏమున్నదాడ?"

ఏమున్నదో అతనికీ తెలుసు. తెలిసే, తెలియనట్టు ముఖం పెట్టాడు. ఇన్నేళ్లుగా అతని దుఃఖం ఆ ముఖంతోనే నెట్టుకొచ్చింది. కడవలో చెంబు ముంచాడు.

"ఆగు ఐలయ్యా," అంది భాగ్యమ్మ.

"ఏందవ్వా?"

"దీపం గూటి కింద నీళ్లు కొట్టకు. ఆడ తడిపే పని లేదు. ఆడ గంజి పెట్టలే, అంచులకే పెట్టిన."

రేణుకమ్మ గూటి కింద మోకాళ్ల మీద కూర్చుంది. చెదల బాట అక్కడిదాకా వచ్చి, చుట్టూ తిరిగి పైకి పోయింది. గంజి లేని చోట వాటికేం పని. ఆమె గోటితో అంచు ఎత్తింది. కాగితం ఏ పేచీ పెట్టకుండా చేతిలోకి వచ్చేసింది.

లోపల బెత్తెడు కూడా లేని ఎర్రటి పాదం, ఐదు వేళ్లతో. ఇన్నేళ్లుగా అత్త మీద లోలోపల పెట్టుకున్న కోపం ఎటు పోయిందో రేణుకమ్మకు తెలియలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. ఐలయ్య చెంబు కింద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు. పాదానికి మడమ దగ్గర మాత్రం చెరిగిపోయి ఉంది.

"ఈడ చెదలు తిన్నట్టున్నయి అత్తా," అంది రేణుకమ్మ.

"చెదలు గాదు," అంది భాగ్యమ్మ. ఆమె గోడ వైపు చూడలేదు. "మా కొండలుగాడు నిలవనియ్యలే. మడమ ఆనియ్యంగనే గుంజుకొని నా చెంప మీద తన్నిండు. ఆ జాజు తెల్లారిందాక కడుక్కోలే నేను."