బొట్టు పెట్టి పిలిచిన బస్సు

కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, జాకెట్టు ముక్కను చర్రున చింపే చప్పుడు మొన్న దిల్‌సుఖ్‌నగర్ సందులో చెవిన పడింది. కాళ్లు వాటంతటవే ఆగాయి. ఆ మ్యాచింగ్ సెంటర్‌లో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లున్నారు. నా కళ్లు మాత్రం, ఆమె లేదని తెలిసి కూడా, ఒకప్పుడు ఆ కొట్టు నడిపిన అనసూయమ్మ కోసం వెతికాయి.

ఆ పక్కనే మా నాన్న స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. బడి వదలగానే నేను అనసూయమ్మ గల్లా పక్కన చేరేదాన్ని. అత్తమ్మా అని పిలిచేదాన్ని. బేరం విద్యలో నాకు ఇద్దరు గురువులు. అడిగేటప్పుడు ఎక్కువే అడుగు, ఎదుటివాడు తగ్గిస్తాడు, మధ్యలో ఎక్కడో కలుసుకుంటారు అనేది నాన్న సూత్రం. అనసూయమ్మ దారి వేరు. గడప బయట నిలబడి ధర అడిగేవాళ్లు ఎందరున్నా ఆమె తలెత్తేది కాదు. ఒక్కరు లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంటే మాత్రం చేతిలో పని వదిలేసేది. "నిలవడ్డోళ్లు గాలికొస్తరు బిడ్డా. కూసున్నోళ్లే గిరాకీ" అనేది.

పెళ్లయ్యాక మన్సూరాబాద్‌లో ఆమె ఉండే కాలనీలోనే కాపురం పెట్టాను. అక్కడి నుంచి పొద్దున ఎల్బీ నగర్ మెట్రోకు వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే బస్సు ఒక వేసవిలో ఆగిపోయింది. మా కాలనీ నుంచే అనసూయమ్మ దుకాణంలో పనికి వెళ్లే స్వప్న ఆ బస్సులోనే మెట్రో దాకా వెళ్లేది. ఏ చీరకు ఏ రంగో ఒక్క చూపులో చెప్పగల పిల్ల. కిక్కిరిసిన షేర్ ఆటోల్లో వేలాడుతూ వెళ్లాల్సిన పని మాకు అక్కర్లేదని ఆమె అత్తగారింట్లో తేల్చేశారు. నెలాఖరుకు మానేస్తానని స్వప్న కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. నేను చూసుకుంటానని గొప్పగా మాటిచ్చి, ఆ పూటే బస్సు డిపో పేర ఫోన్‌లో ఆన్‌లైన్ పిటిషన్ తెరిచాను.

అక్కడ నాన్న సూత్రం ప్రయోగించాను. మాకు కావలసింది పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. నేను అడిగింది పది నిమిషాలకొక బస్సు, అందులో సగం ఏసీవి, స్టాపులో ఫ్యాన్లు. ఫ్యాన్ల దగ్గర తగ్గి, ఏసీ దగ్గర తగ్గి, చివరికి రెండు బస్సులకు ఒప్పుకున్నట్టు ముఖం పెడదామని లెక్క. సంతకాలు వరదలా వచ్చాయి. కరీంనగర్‌లోని మేనత్త కొడుకులు పెట్టారు, బెంగళూరులోని మా ఆయన స్నేహితులు పెట్టారు. కొత్తగా పుట్టిన బిడ్డను చూపించినట్టు ఫోన్‌ను అందరికీ చూపించాను. కొన్నాళ్లకు డిపో నుంచి ఒక్క వాక్యం జవాబొచ్చింది: ఈ కోరిక ఆచరణ సాధ్యం కాదు. అవతలివాళ్లు ఇంతైతే కుదురుతుంది అంటారని నేనింకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

అనసూయమ్మ నా చేత పిటిషనంతా చదివించుకుంది. ఫ్యాన్ల దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కళ్లు ఒత్తుకుంది. "గిదేంది బిడ్డా, ముందట మనిషే లేని కాడ బేరం పెట్టినవ్. తగ్గియ్యమని అడిగేటందుకు అవతల నోరుండాలె గదా" అంది. ఆ సంతకాల్లో బస్సెక్కేవాళ్లు ఎవరని అడిగింది. సంతకాల కింద కొందరు తమ మాట రాశారని చెబితే అవీ చదవమంది. ఒకామె దవాఖానలో నర్సు, డ్యూటీకి మెయిన్ రోడ్డు దాకా నడుస్తోంది. ఇంకొకామె కూతురికి రోజూ మొదటి క్లాసు పోతోంది. పేర్లు వింటున్నకొద్దీ అనసూయమ్మ ముఖం వెలిగింది. వాళ్లంతా మా వెనక గల్లీల వాళ్లే.

ఆదివారం కుంకుమ భరిణె పట్టుకుని నన్ను వెంటేసుకుని బయల్దేరింది. మా వైపు పెళ్లికి బంగారు అక్షరాల కార్డు పంపినా, ఇంటికొచ్చి బొట్టు పెట్టకపోతే అది పిలుపు కాదు. బొట్టు పెట్టించుకున్నాక వెళ్లకపోతే మర్యాద కాదు. కానీ బస్సుకు బొట్టేమిటి, జనం నవ్వుతారని నేను సణిగాను.

"నవ్వనీయ్. నవ్వుకుంటనే ఒస్తరు" అంది.

ప్రతి గడపలో బొట్టు పెట్టి, సోమవారం పొద్దున బస్టాపుకు రమ్మని, బస్సు లేదు గానీ రమ్మని చెప్పింది. నిజంగానే నవ్వుకుంటూ వచ్చారు. టిఫిన్ డబ్బాలతో, చంటిపిల్లలతో స్టాపు నిండిపోయింది. అక్కడి నుంచి అందరం డిపోకు వెళ్లాం.

డిపో అధికారి కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. "మీ పిటిషన్ చూశానండీ. సంతకాలు బెంగళూరు నుంచి కూడా ఉన్నాయి. వాళ్లని ఎక్కించుకోవడానికి బస్సు ఎక్కడికి పంపమంటారు?" అన్నాడు. నేను ఫ్యాన్ల సంగతి ఎత్తబోతే అనసూయమ్మ నా కాలు తొక్కింది. ఎక్కేవాళ్లు ఇదిగో మీ ముందే ఉన్నారని చెప్పి, అడగకుండానే కుర్చీలో కూర్చుంది. ఆయన వరసగా ఉన్న బొట్లన్నీ చూశాడు. పొద్దున ఒక్కటి వేసి చూద్దామన్నాడు.

"పొద్దుగాల తోల్కపోయి, మాపటికి మమ్ముల ఆడనే ఇడిచిపెడ్తవా సారూ?" అంది అనసూయమ్మ.

ఆయన నవ్వేశాడు. రెండు పూటలా వేస్తాను, ఖాళీగా తిరిగితే మాత్రం తీసేస్తాను అన్నాడు. వస్తుంటే నాతో ఒక మాటన్నాడు: పిటిషన్ చూసి ఉండబట్టే, ఇంతమంది ఎందుకొచ్చారని గేటు దగ్గర ఆపించలేదట. నా పరువు కాస్త నిలబడింది.

మొదటి రోజు అనసూయమ్మ బస్సుకూ, డ్రైవరుకూ కూడా బొట్టు పెట్టింది. స్వప్న కిటికీ పక్కన కూర్చుని పనికి వెళ్లింది. ఆ తర్వాత ఎవరైనా ఆటో ఎక్కుతూ కనబడితే, నా బొట్టు నాకిచ్చి ఎక్కమని అనసూయమ్మ నడిరోడ్డు మీద నిలదీసేది. బస్సు ఖాళీగా తిరిగే ధైర్యం ఎవరికుంది?

ఆన్‌లైన్ పిటిషన్లు పనిచేస్తాయా అని ఎవరైనా అడిగితే, అవి దుకాణం బోర్డు లాంటివంటాను. బోర్డు లేకపోతే దుకాణం ఉన్నట్టే తెలియదు. బోర్డు కట్టి ఇంట్లో పడుకుంటే మాత్రం సరుకు కదలదు. ఈమధ్య కాలనీ పార్కులో దీపాల కోసం పిటిషన్ లింకు పెట్టాను. దీపాలే అడిగాను, ఫౌంటెన్ అడగలేదు. సాయంత్రం, కింద రాసినవాళ్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్లాను. మొదటి ఇంటామె తలుపు సగమే తీసి, "ఫోన్ల సంతకం పెట్టిన గదా, మల్ల ఎందుకొచ్చిన్రు?" అంది.

"మిమ్ముల జూద్దామని ఒచ్చిన అక్కా" అన్నాను.

ఆమె తలుపు పూర్తిగా తెరిచింది.