చిన్నదైపోతున్న బొమ్మ

"ఈ టీవీలో బొమ్మ చిన్నదయిపోతందే," అన్నారు మా ఆయన ఒకరోజు మధ్యాహ్నం భోంచేస్తూ.

"ఓలమ్మో! బొమ్మ చిన్నదవడమేటి? ఉతికితే కుంచించుకుపోడానికి అదేమైనా నూలు చొక్కానా?" అన్నాను.

 ఆయన అన్నంలో చెయ్యి పెట్టుకుని టీవీకేసి చూస్తూ ఉండిపోయారు. నేను మజ్జిగ పోసి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. కాగితాల మీద లోకో పైలట్ అని రాస్తారు గానీ, రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళందరికీ ఆయన డ్రైవరుగారే. మా మామగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ బొగ్గు ఇంజన్ల మీద పని చేశారు. ఈయన ఇక్కడే పుట్టారు. కోపమొస్తే హిందీ, ముద్దొస్తే తెలుగు. నేను పెళ్ళయి వచ్చినదాన్ని. నోరు మాత్రం మా ఊరి నుంచే తెచ్చుకున్నాను, ఇక్కడ రోజుకోసారైనా పారేసుకుంటాను.

దీపావళి ముందు ఇక్కడి హిందీ పేపర్లలో వార్తలుండవు, పేజీకి పేజీ ఆఫర్లే. ఆయన ఒక పేజీ మడిచి నా ముందు పెట్టారు. యాభై అయిదు అంగుళాల టీవీ, దాదాపు సగం ధరకి.

"ఎంత రాసేడో చదువు," అన్నారు.

"మీరే చదూకోవచ్చు కదేటి?"

"అద్దాలు లోపలున్నాయే."

అద్దాల డబ్బా చొక్కా జేబులోంచి తొంగిచూస్తూనే ఉంది. నేను అదీ పట్టించుకోలేదు. నా గొడవంతా ఆ టీవీ గురించే. మా క్వార్టర్లో హాలు ఎంతని! ఆ టీవీ గోడకి పెడితే మేమిద్దరం వీధి అరుగు మీద కూర్చుని కిటికీలోంచి చూడాలి. పైగా రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, ఎక్కడికెళ్తామో ఏమిటో, దాన్ని మోసుకు తిరగాలా? ఉన్న టీవీకి ఏం వచ్చింది? మా పాప నాగపూర్‌లో నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనిచ్చింది. ఇవన్నీ గడగడా చెప్పేశాను.

"సగం ధరకిస్తన్నాడే," అన్నారు ఆయన.

"సగం ధరకి ఏనుగునిచ్చినా తెచ్చి కట్టేస్తారేటి?"

"ఒకసారి చూసొద్దాం. చూస్తే డబ్బులడగరు కదా."

ఇంత మొండిగా ఆయన ఏ వస్తువునీ అడగలేదు. చొక్కాలు కూడా నేను కొంటేనే. అందుకే సరేనన్నాను.

ఇప్పుడు చెప్తుంటే అన్నీ వరసగా కనపడతాయి. అప్పుడు కనపడవు. టీ పోస్తే కప్పు అంచు మీద పడేది, ఏదో ఆలోచనలో ఉన్నారనుకున్నాను. ఆరంగ్‌లో పాత గుడి చూడ్డానికి వెళ్ళినప్పుడు మెట్టు తప్పితే ఆయన చెప్పుల్ని తిట్టాను. కొత్త సంవత్సరంలో ఆయనకి మెడికల్ ఉంది. డ్రైవర్లకి కళ్ళ పరీక్ష తప్పదు. అందులో తప్పితే బండి మీంచి దింపేస్తారు. వేరే పని ఇస్తారు, జీతమూ ఉంటుంది, బండి నడిపిన దూరాన్ని బట్టి ఇచ్చే మైలేజీ డబ్బులు పోతాయి. దానికంటే డ్రైవరుగారన్న పిలుపు పోతుంది. ఆయనకి ఆ పిలుపే ప్రాణం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్తాడు. డ్రైవరు తానూ చూసుకుని అదే రంగు తిరిగి చెప్పాలి. ఒకరు పొరబడితే ఇంకొకరు పట్టుకోవాలని ఆ ఏర్పాటు. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. నేను "వానొస్తంది" అంటే ఆయన "వానొస్తంది" అంటారు. నేను "గ్యాసైపోయింది" అంటే "గ్యాసైపోయింది" అంటారు. పెళ్ళయిన కొత్తలో వెక్కిరిస్తున్నారనుకుని మాట్లాడ్డం మానేశాను. రంగుల పేర్లు మాత్రం ఇంట్లో తెలుగులో అననిచ్చేవారు కాదు. మా వైపు పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. "మన బాసలో సిగ్నలు చెప్పుకుంటే తిల్దా స్టేషను దాటకుండానే ఎవణ్ణో గుద్దేస్తాం," అనేవారు. నా చీరైనా సరే ఎల్లో, గ్రీన్ అనాల్సిందే.

షోరూము టాటీబంధ్ వెళ్ళే రోడ్డులో ఉంది. ఎప్పట్లాగే స్కూటరు ఆయనే నడిపారు, నేను వెనక కూర్చున్నాను. లోపల గోడనిండా టీవీలు, అన్నిట్లోనూ ఒకటే బొమ్మ. సేల్స్‌మన్ మమ్మల్ని పేపర్లో వేసిన టీవీ ముందు నిలబెట్టి, "దేఖియే అంకుల్‌జీ, ఘర్ మే సినిమా హాల్ లగేగా," అన్నాడు, ఇల్లే సినిమా హాలైపోతుందని. ఇది ఒక్కటే పీసు మిగిలిందనీ, సాయంత్రానికి ఉండదనీ కూడా చెప్పాడు.

ఆయన ముందుకెళ్ళారు, వెనక్కొచ్చారు, తల పక్కకి తిప్పి చూశారు. కోడి గింజకేసి చూసినట్టు ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు.

"ఏటి చూపిస్తన్నాడే?" అన్నారు నా చెవిలో.

"సముద్రం. చేపలు."

"చేపలు. బాగున్నాయి."

"ఆ కింద అక్షరాలేటి?" మళ్ళీ ఆయనే అడిగారు.

చదివాను. తిరిగి చెప్పారు. ఆయన ఏదీ ముందు చెప్పడం లేదు. నేను చెప్పాకే చెప్తున్నారు.  అప్పుడే సేల్స్‌మన్, టీవీ ఎంత పల్చగా ఉందో వెనక నుంచి చూపిస్తానని దాన్ని ఆపేశాడు. తెర నల్లబడింది. కింద మూలన చిన్న లైటు వెలిగింది.

మేము మా హాలంత దూరంలో నిలబడి ఉన్నాం. నేను దాన్ని చూపిస్తూ, "కింద లైటు చూసేరా? గ్రీన్," అన్నాను.

"గ్రీన్!" అన్నారు ఆయన. ఠక్కున, డ్యూటీలో అన్నట్టే, గట్టిగా.

అది ఎర్ర లైటు.

నాకేమీ అనిపించలేదు. కాళ్ళు వణికాయి, కళ్ళు తిరిగాయి అని చెప్పుకుంటారే, అలాంటివేమీ జరగలేదు. ఏసీ చల్లగా ఉంది. పక్కనెవరో ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి చూస్తున్నారు. ఆ తలుపు చప్పుడు బాగుందనిపించింది. సేల్స్‌మన్ "బిల్ బనా దూఁ, ఆంటీజీ?" అని అడిగితే, "సోచ్‌కే బతాతే హై," అని, ఆలోచించి చెప్తామన్నాను. నా గొంతు ఎప్పట్లాగే ఉంది.

బయటికొచ్చి చెయ్యి చాపాను. "తాళమియ్యండి."

"ఎందుకే?"

"స్కూటరు ఇక్కడే ఉంటాది. మనం ఆటోలో ఎల్దాం."

ఎందుకని రెండోసారి అడగలేదు. తాళం తీసి నా చేతిలో పెట్టారు. అలా పెట్టగానే ఆయనకి అంతా అర్థమైందని తెలిసింది.

ఆటో ఓవర్‌బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆయనే అడిగారు.

"ఏ లైటే అది?"

"రెడ్."

"రెడ్," అన్నారు.

"ఎన్నాళ్ళనించి?"

"వానలు మొదలయినకాణ్ణించి. ఎడం కన్ను ముందు. చుట్టూతా కనబడతాది. ఏది సూద్దామంటే సరిగ్గా అదే ఉండదు, మసక."

"మరి బండి?"

"అసిస్టెంటు చెప్తాడు కదే."

"అతను తప్పు చెప్తే? నేను చెప్పినట్టు?"

ఆయన బయటికి చూస్తూ కూర్చున్నారు. మా వెనక వచ్చే బొగ్గు లారీలు హారన్లు కొడుతున్నాయి. రిటైరవడానికి ఇంకెంతో లేదనీ, ఎలాగో నెట్టుకొచ్చేస్తాననీ, ఈ మైలేజీ పోతే ఇల్లు కట్టుకోవడం కలేననీ చెప్పుకుంటూ పోయారు. నేను విన్నాను. నాకు కోపమూ రాలేదు, జాలీ కలగలేదు. ఒకటే అన్నాను: "ఇంక ఎక్కకండి."

సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. డ్రైవర్లకి డ్యూటీ వేసే ఆఫీసు నుంచి. బిలాస్‌పూర్ వైపు బండి ఉంది, రమ్మని. నేను తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఫోను పట్టుకుని నాకేసి చూశారు.

"మీరెళ్తే నానూ స్టేషనుకొస్తాను," అన్నాను. "అందరి ముందూ చెప్తాను. నా సంగతి మీకు తెలుసు."

తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆయన ఫోనులో "సిక్" అన్నారు. మా రైల్వేలో ఒంట్లో బాగాలేదు, రాలేను అని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. అవతల ఇంకేదో అడిగారు. "నహీ సాబ్, సిక్," అని మళ్ళీ చెప్పి పెట్టేశారు. నేను వెళ్ళి ఎసట్లో బియ్యం పోశాను.

రైల్వే ఆస్పత్రిలో పరీక్షలన్నీ చేశారు. కంటి వెనక పొర మధ్యలో పాడైందట. ఒక కన్ను దాదాపు పోయినట్టే, రెండోదీ అదే దారి పట్టింది. పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అన్నారు. బండి మీంచి దింపేసి స్టోర్స్ ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే ఉద్యోగం ఆయన జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలియక చెప్పులతోనే హాల్లో నిలబడేవారు.

కాలనీలో ఆడవాళ్ళు పలకరించడానికొచ్చారు. టీలిచ్చాను. మా పాప ఫోన్లో ఏడ్చి, "అమ్మా, నీకేం బాధగా లేదా?" అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. పన్ను పీకడానికి మందు పొడిచాక బుగ్గ ఎలా ఉంటుందో నా ఒళ్ళంతా అలా ఉంది. ఆయన డ్యూటీ చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టేశాను. పప్పులో ఉప్పు సరిగ్గానే వేశాను.

మళ్ళీ కళ్ళు చూపించడానికి వెళ్ళినప్పుడు, ఆయన బయట బల్ల మీద ఉండగా డాక్టరమ్మని అడిగాను, పెద్ద టీవీ కొంటే లాభమా నష్టమా అని. మందుల సంగతి అడుగుతాననుకుందో ఏమో, రాయడం ఆపి నాకేసి చూసింది.

"జబ్ తక్ దిఖ్తా హై, దేఖ్‌నే దీజియే," అంది.

కనపడినన్నాళ్ళు చూడనివ్వమని. దగ్గరగా కూర్చుని చూసినా ఫరవాలేదు, దానివల్ల కొత్తగా పాడయ్యేదేమీ లేదని కూడా చెప్పింది. కొనాలా వద్దా అన్న తర్కం అక్కడితో అయిపోయింది. హాలు చిన్నదైతే చిన్నదే. క్వార్టరు ఖాళీ చేసినప్పటి మాట అప్పుడు.

నేనొక్కదాన్నే షోరూముకి వెళ్ళాను. సాయంత్రానికి ఉండదన్న ఆ ఒక్క పీసూ దీపావళి దాటినా అక్కడే ఉంది. సేల్స్‌మన్ సిగ్గుపడనైనా లేదు, "ఆప్ కే లియే హీ రఖా థా, ఆంటీజీ," అన్నాడు, మీకోసమే ఉంచానని. వేరే రోజైతే వాణ్ణి నాలుగు కడిగేదాన్నే. ఊరుకున్నాను. బేరం కూడా ఆడలేదు. కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషిని, అడిగినంతా ఇచ్చేశాను.

టీవీ వచ్చింది. గోడంతా అదే అయిపోయింది. ఆయన చేత్తో నాలుగంచులూ తడిమి, "శానా పెద్దది," అన్నారు. బిగించినవాళ్ళు వెళ్ళగానే వైరు కుర్చీ లాక్కుని తెరకి మూరెడు దూరంలో కూర్చున్నారు. తల పక్కకి తిప్పి, ఓరగా చూస్తున్నారు. క్రికెట్టు వస్తోంది. ఒకసారి చిన్నగా నవ్వారు కూడా. నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

నేను పళ్ళెంలో పకోడీలు వేసుకుని వంటింట్లోంచి వస్తున్నాను. ఆయన వీపు, ముందుకి వంచిన మెడ, తెర వెలుగు. అచ్చం పాప చిన్నప్పుడు అలాగే కూర్చునేది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"అంత దగ్గిరికెళ్ళి కూకోకండి, కళ్ళు పోతాయి."

అనేశాక తెలిసింది ఏమన్నానో. ఏ ఇంట్లోనైనా పిల్లల్ని రోజూ అనే మాట. ఆయన కసురుతారనుకున్నాను, లేకపోతే నవ్వేసి, ఇంకా ఏముంది పోడానికి అంటారనుకున్నాను. ఆయన లేచారు. కుర్చీని రెండు చేతుల్తో పట్టుకుని వెనక్కి, ఎదుటి గోడ దాకా జరుపుకుని, అక్కడ కూర్చున్నారు.

"ఊరికే అన్నానండీ," అన్నాను. "నోటికొచ్చేసింది. దగ్గిరగా సూసినా ఏటీ అవదని డాక్టరమ్మ నాతో చెప్పింది. రండి, ముందుకి రండి."

"వద్దులేవే."

"అక్కణ్ణించి మీకేటి కనపడతాది?"

"కనపడకపోతే పోనీ," అన్నారు. "నువ్వన్నదే నిజమేమో, ఎవరికి తెలుసు. ఉన్నకాడికైనా ఉండనీ."

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నిటారుగా, అంత పెద్ద తెరకేసి చూస్తూ కూర్చున్నారు. నేను అప్పుడు ఏడ్చాను. పళ్ళెం పట్టుకునే, నిలబడే, గట్టిగా ఏడ్చాను.