రాక్షసుడికి పెట్టిన అర్జీ

పిల్లల కోసం గీసిన బొమ్మల కథను మా ఊరి పెద్దమనుషులు ముగ్గురు మూడు సంతల పాటు తామే చూశారు, పిల్లలను చూడనివ్వలేదు, చివరికి ఆ కథ ప్రాణం తీసి అప్పుడు చూపించారు. ఇది అన్యాయం. అరవై ఏళ్ళు దాటినా అన్యాయమే.

ఆ రోజుల్లో మా ఊరికి కరెంటు లేదు. కోసిగి పక్కన ఉన్న మా పల్లెలో కదిలే బొమ్మ అంటే ఒక్కటే, ఆదోని నుంచి ప్రతి సంతకూ ఒకాయన భుజాన మోసుకొచ్చే పెట్టె. ఆయన్ని అందరూ పెట్టె తాత అనేవారు. పెట్టెకు ముందువైపు ఆరు అద్దాల కళ్ళు. పక్కనున్న పిడి తిప్పితే లోపల గుడ్డ మీద గీసిన కొండలూ ఊళ్ళూ జరిగిపోయేవి. వాటి ముందు దారాలకు కట్టిన అట్టబొమ్మలు కాళ్ళూ చేతులూ ఆడించేవి. గుప్పెడు శెనక్కాయలు పోస్తే ఒక చూపు. కథ ఒక్కరోజుతో అయ్యేది కాదు, సంతకు ఒక గుడ్డచుట్ట. ఆ ఏడాది తెచ్చిన కథలో ఒక రాక్షసుడు సీమ మీది మబ్బులన్నీ మింగి కడుపులో దాచుకుంటాడు. గొర్రెలు మేపే పిల్లవాడొకడు వానను విడిపించడానికి కట్టె పట్టుకొని బయలుదేరతాడు. (వానల్లేక ఏటా సగం ఊరు మూటాముల్లె కట్టుకొని కూలికి వలస, మా మాటలో సుగ్గి, పోయే పల్లె మాది. అందుకని మా పిల్లలకు ఇది కట్టుకథలా అనిపించలేదు. రాక్షసుడు ఏ ఊళ్ళో ఉంటాడన్నది తప్ప మిగతాదంతా వాళ్ళకు తెలిసిన విషయమే.)

రెండో చుట్ట చివర రాక్షసుడు నోరు ఇంత తెరిచి ఆఖరి దూదిమబ్బును గుటుక్కున మింగాడు. ఆ సాయంత్రం పెద్దరెడ్డి మనవడు, ఆరేళ్ళవాడు, కందికట్టె పట్టుకొని, మంచం మీద పొట్ట నిమురుకుంటూ కూర్చున్న తన తాత ముందుకు పోయి నిలబడి "మబ్బులు కక్కు!" అని గర్జించాడు. అరుగు మీద ఉన్నవాళ్ళు నవ్వారు. అక్కడే వచ్చింది తంటా. మర్నాడు పొద్దున్నే కరణానికీ బడిపంతులుకూ చావిడికి పిలుపు.

"ఏమప్పా, ఆ పెట్టెలో పిల్లోల్లకు ఏం చూపిస్తాండాడు వాడు?" అన్నాడు పెద్దరెడ్డి.

"బొమ్మలు రెడ్డీ" అన్నాడు కరణం.

"బొమ్మలని నాకూ తెలుసులేప్పా. పిల్లోల్లు చూడదగినవా, కావా? అది తేల్చల్ల. ముందు మనం చూద్దాం."

బడిపంతులు ఆ మాట కోసమే కాచుకున్నట్టు తల ఊపాడు. తీర్పు కాగితం మీద ఉండాలన్నారు. పెట్టె బొమ్మల మీద కలం పెట్టడం కరణానికి నామోషీ. అందుకని నన్ను పిలిచారు. నాకు పదిహేడేళ్ళు. బడి మెట్టెక్కలేదు, అంగట్లో పొట్లాలు కట్టే కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. పెద్దల పక్కన చాప మీద చోటు దొరికేసరికి నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. తల నున్నగా దువ్వుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని, సిరాబుడ్డి పట్టుకొని బయలుదేరుతుంటే ఎనిమిదేళ్ళ మా చెల్లెలు గడపలో అడ్డం నిలబడింది.

"అన్నా, పెద్దోల్లు వద్దంటే ఎట్ల? వాన పడేది నేను చూడల్ల."

"నేను లోపలుంటా కదా పాపా. పడేది చూస్తువులే" అన్నాను, జిల్లా కలెక్టరంతటి ధీమాతో.

మూడో సంత నాడు చావిడి తలుపులు మూశారు. పిల్లలంతా ఒళ్ళో శెనక్కాయలు పెట్టుకొని బయట గోడ మీద వరుసగా కూర్చున్నారు. లోపల ముగ్గురు పెద్దలూ తలగుడ్డలు తీసి పక్కన పెట్టి, గొంతుక్కూర్చొని, అద్దాలకు కళ్ళు ఆనించారు. రాక్షసుడు నోరు తెరవగానే పంతులు ఉలిక్కిపడి పెట్టెకు నుదురు కొట్టుకున్నాడు. (అడిగితే చీమ కుట్టిందన్నాడు.) కరణం మూడుసార్లు తిప్పించుకొని చూశాడు. "ఒక్కసారి చూసి చెప్తే తీర్పు నిలవదప్పా, ఇంగోసారి తిప్పు" అంటాడు. చూడడం అయ్యాక ముగ్గురూ గొంతు సవరించుకున్నారు.

"రాక్షసుడైనా వయసులో పెద్దోడు గదా" అన్నాడు రెడ్డి. "గొర్లు కాసేటోడు వాని మీద కట్టె ఎత్తేదేంది? పిల్లోల్లు ఇదే నేర్చుకుంటాండారు."

"కట్టె తీసేసి చేతిలో కాగితం పెట్టు" అన్నాడు పంతులు.

"అర్జీ" అన్నాడు కరణం. ఆ మాట ఆయన నోట్లో బెల్లంముక్కలా కరిగింది.

పెట్టె తాత ఒకసారి నా వైపు చూసి, "సరే సామీ" అని పెట్టె ఎత్తుకున్నాడు. నాలుగో సంతకు కట్టె పోయి కాగితం వచ్చింది. పెద్దలు సంతోషించి రాక్షసుడి కోరలు తగ్గించమన్నారు, తలగుడ్డ చుట్టమన్నారు. కూర్చోవడానికి మంచం వెయ్యమని రెడ్డి పట్టుబట్టాడు. "నిలబడి మాట్లాడితే మర్యాద యాడుంటాది?" పెట్టె తాత మళ్ళీ నా వైపు చూశాడు. ఐదో సంతకు రాక్షసుడు మంచమెక్కాడు. ఇక మిగిలింది వాన. "మబ్బులన్నీ ఒక్కసారి ఇడిస్తే చెరువు కట్ట తెగుతాది. విచారించి ఇడుస్తానని చెప్పించు" అన్నాడు కరణం. తాత మూడోసారి నా వైపు చూశాడు. నేను తలొంచుకొని రాస్తున్నాను. నా అక్షరాలు ఆ రోజుల్లో చాలా గుండ్రంగా ఉండేవి, వాటిని చూసుకోవడంతోనే నాకు సరిపోయింది. కాగితం అడుగున "పిల్లలు చూడదగును" అని రాసి, ఇసుక చల్లి ఆరబెట్టి, రెడ్డి చేతికిచ్చాను. "శానా బాగుండాదిరా" అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆరో సంతకు తలుపులు తెరిచారు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ పెట్టె మీద పడ్డారు. లోపల మా చావిడిలాంటి చావిడి. తలగుడ్డ చుట్టుకొని మంచం మీద రాక్షసుడు. ఎదురుగా చేతులు కట్టుకొని గొర్రెల కాపరి. రాక్షసుడు కాగితం అందుకుంటాడు, తల పైకీ కిందికీ ఊపుతాడు, అయిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి, ఎవరి శెనక్కాయలు వాళ్ళే ఒలుచుకు తింటూ వెళ్ళిపోయారు. మా చెల్లెలు మాత్రం కదల్లేదు.

"వాన పడిందా, లేదా?"

"అర్జీ తీసుకున్నాడు గదా పాపా. పడతాది."

"ఎప్పుడు?"

"విచారిస్తాండాడు."

అది శెనక్కాయల మూట నా చేతిలో పెట్టి ఇంటికి పోయింది. ఆ తరవాత పెట్టె తాత మా ఊరి సంతకు రాలేదు. ఆకాశంలో ఎండుమబ్బు ఒకటి కనిపిస్తే చాలు, "అన్నా, వాడు ఇంగా విచారిస్తానే ఉండాడా?" అని చెల్లెలు అడిగేది. దానికి అసలు ముగింపు చెప్పకపోతే నేను అన్నను కాదనుకొని, ఆదోనిలో తాత దిగే బట్టలంగడి పేరు మీద కార్డు రాశాను. పెద్దల మూర్ఖత్వాన్ని కడిగిపారేశాను. (చావిడిలో రాని ధైర్యం కార్డు మీద ఎంత తొందరగా వస్తుందో!) జవాబు లేదు. ఇంకోటి రాశాను. మొత్తం నాలుగు.

ఏడాదికి జవాబొచ్చింది, ఎవరిచేతనో రాయించిన కార్డు. అది చదివిన రోజు ఊరందరి మీదా కోపమొచ్చింది. ఇప్పుడు చదివితే, ఉతికిన చొక్కా వేసుకొని సిరాబుడ్డి పట్టుకున్న ఆ పదిహేడేళ్ళవాడి మీద జాలితో పాటు నవ్వు వస్తుంది. కార్డులో ఇలా ఉంది:

"నాయనా, నీ కార్డులు నాలుగూ చదివించుకుంటి. కథ అసలు ఎట్ల ముగిసిందని అడిగితివి. నా కథకు అసలనేది లేదప్పా. ఈ సంతకు పిల్లోల్లు ఏమని అరుస్తారో, వచ్చే సంతకు అదే గీస్తా. ఆదోనిలో కడుపు చీల్చమనిరి, చీలిస్తి. ఇంగో ఊర్లో చక్కిలిగింత పెట్టి కక్కించమనిరి, కక్కిస్తి. మీ ఊర్లో పిల్లోల్లను బయట కూర్చోబెట్టి పెద్దోల్లు అరిసిరి, వాళ్ళదే గీస్తి. లోపల పిల్లోడంటే నువ్వొక్కడివే ఉంటివి. మూడుసార్లు నీ మొగం చూస్తి. నువ్వు ఒక్క కేక ఏసింటే ఆ పొద్దే వాన పడిండేది."