ఆర్సేన్ మింగిన గుక్క

ఆర్సేన్‌కు ఉన్నది ఒకటే జబ్బు. ఇంకొకరి వైను బాగుంటే ఓర్చుకోలేడు.

బర్గండీలోని ఆ ఊళ్ళో ఇంటింటా తెల్లవైను చేస్తారు, ఇంటింటా ఓక్ పీపాల్లోనే దాన్ని పెంచుతారు. ఎవరు తమ నేలమాళిగకు పిలిచినా ఆర్సేన్ టోపీ పెట్టుకుని బయల్దేరతాడు. గ్లాసు తిప్పుతాడు, వాసన చూస్తాడు, పుక్కిలిస్తాడు, తుపుక్కున ఉమ్మేస్తాడు. "చెక్క!" అంటాడు. వైను రుచి లేదు, పీపా రుచే ఉందని దాని భావం.

పెళ్ళిలో పోస్తే చెక్క. బారసాలలో పోస్తే చెక్క. ఫాదరు గారి పూజ వైను వాసన చూసి, "మా పాపాల సంగతి తర్వాత చూద్దురు గాని, ముందు ఈ చెక్క సంగతి చూడండి ఫాదర్" అన్నాడు. పక్కింటి గాస్తోన్ చనిపోతే శవపేటిక తట్టి, "ఇన్నాళ్ళకు ఓక్ చెక్క ఉండాల్సిన చోట ఉంది" అన్నాడు. పెళ్ళాం ఒదీల్ అక్కడికక్కడే తొడపాశం పెట్టింది.

"నీకు కళ్ళు కుడతాయయ్యా, అదీ నీ రోగం!" అనేది ఒదీల్.

"కుట్టవూ మరి? బాగుంటే కుట్టవూ?" అనేవాడు ఏ సిగ్గూ లేకుండా.

గాస్తోన్ పోయిన ఏడాది అతని భార్య మతిల్ద్ ఒంటరిగా వైను చేసింది. గాస్తోన్ ఉన్నప్పుడు నాలుగు పీపాల్లో ఒక్కటే కొత్తది వాడేవాడు. ఈవిడ మొగుడి మీద ప్రేమకొద్దీ అన్నీ కొత్తవే కొంది. కొత్త ఓక్ ఎంత ఘాటో చెప్పేవాళ్ళు లేకపోయారు. వసంతంలో పట్నం నుంచి వ్యాపారి వచ్చి, పీపాలన్నీ ఒకే బేరంలో పట్టుకుపోతానన్నాడు. మతిల్ద్ కలం చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఆర్సేన్ దిగబడ్డాడు.

ఒక గుక్క. ఒక ఉమ్ము. "చెక్క! ఇది వైను కాదండీ, కరగబెట్టిన బీరువా!"

వ్యాపారి కాగితం మడుచుకుని లేచాడు. అక్కడి నుంచి తిన్నగా ఆర్సేన్ ఇంటికే వచ్చి, "పోనీ మీది చూపించండి" అన్నాడు.

"నాదీ చెక్కే. ఈ ఏడు ఊరంతా చెక్కే. వెళ్ళి రండి" అన్నాడు ఆర్సేన్.

ఒదీల్ నిర్ఘాంతపోయింది. పక్కవాళ్ళది పాడుచేశాడంటే అర్థముంది, సొంతదాన్ని కూడా తిట్టుకుంటాడా? మూడు రోజులు అతనికి సూపు పొయ్యలేదు. మతిల్ద్ ఏడ్చి, ఆ వైనును సీసాల్లోకి ఎత్తి ఓ మూలకు తోసేసింది. ఆ ఏడాది తన దగ్గరున్న కాస్త ఎర్రవైను అమ్ముకుని నెట్టుకొచ్చింది. పన్నెండేళ్ళు ఆర్సేన్‌తో మాట్లాడలేదు.

కోత ముగిశాక ఊరందరూ కలిసి భోంచేస్తారు. ఎవరి సీసాలు వాళ్ళు చంకలో పెట్టుకొచ్చి పక్కవాళ్ళకు పొయ్యాలి. పన్నెండో ఏడు ఆ భోజనాలకు ముందు రొట్టెల కొట్టు దగ్గర మతిల్ద్ ఒదీల్‌ను ఆపింది.

"వదినా, ఆనాటి సీసాలే తెస్తున్నాను. మీ ఆయన ఆ మాట మళ్ళీ అన్నాడనుకో, తోట మా మరిదికి అప్పజెప్పి మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. ఇక నా వల్ల కాదు."

ఒదీల్ ఇంటికొచ్చి చెక్క గరిటె ఎత్తింది. "ఆ మాట నోట్లోంచి వచ్చిందో, నీ పడక పీపాలోనే!"

భోజనాల బల్ల మీద మతిల్ద్ వైను ముదురు బంగారు రంగులో మెరిసింది. వేయించిన గింజల వాసన, వెన్న, తేనె, వాటి వెనక సన్నటి పులుపు. పన్నెండేళ్ళలో చెక్క కాస్తా వైనులో కలిసిపోయి ఎక్కడా దొరక్కుండా పోయింది. అందరూ ఆర్సేన్ వైపు తిరిగారు.

అతను గుక్క తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ తెరవడు. ఉమ్మడు.

"మింగాడ్రోయ్! ఆర్సేన్ మింగాడు!" అని ఎవరో అరిచారు.

"అన్నా, ఆ మాటేదో అనెయ్" అంది మతిల్ద్.

"ఇది ఇలా అవుతుందని నాకు పన్నెండేళ్ళ కిందటే తెలుసమ్మా" అన్నాడు ఆర్సేన్. "పైన చెక్కే, కానీ అడుగున ఏముందో నాలిక్కి తెలిసింది. మా తాత కూడా అలాంటిది చెయ్యలేదు. కడుపు మండిపోయింది. వారం రోజులు నిద్రపోలేదు."

"మరి ఆ ముక్క అప్పుడే అనొచ్చుగా?" అంది మతిల్ద్.

"ఆ వ్యాపారి ముందా? ఆ పూటే పట్టుకుపోయి చవకరకం వైనుతో కలిపి తొట్టిలో పారబోసేవాడు. నాది బాగుందన్నా ఊళ్ళోనే తిష్ట వేసి, మళ్ళీ నీ గడప తొక్కేవాడు."

"వాడు పోయాకైనా చెప్పొచ్చుగా!" ఒదీల్ లేచి నిలబడింది.

ఆర్సేన్ తల దించుకున్నాడు. "నోరు రాలేదే. పక్కింటివాళ్ళ వైను బాగుందని నేను చెప్పాలా?"

మతిల్ద్ పకపకా నవ్వింది. మరిది ఊసెత్తకుండా అతని గ్లాసు అంచుదాకా నింపింది. ఆ తర్వాత సీసా ఎటు కదిలినా, "జాగ్రత్త, ఒలకబొయ్యకండి!" అంటూ ఆర్సేన్ దాని వెంటే తిరిగాడు.

ఇంటిదారిలో ఒదీల్ మూతి ముడుచుకుంది. ఈసారి కడుపుమంట ఆవిడది.

"పరాయిదాని వైనుకు ఎంత పరవశమో! నలభై ఏళ్ళలో నన్ను చూసి ఒక్కసారైనా అలా కళ్ళు మూసుకున్నావా?"

"నువ్వు ఎదురుగా ఉంటే కళ్ళెందుకు మూసుకుంటానే?" అన్నాడు ఆర్సేన్ నిజంగానే అర్థంకాక.

ఒదీల్ ఇల్లు చేరగానే పొయ్యి రాజేసింది. ఆ పూట ఉల్లిపాయ సూపులో వెన్న రెండింతలు వేసి, కొసరి కొసరి వడ్డించింది. ఆర్సేన్ ఒక చెంచా తాగాడు. గరిటె వైపు అనుమానంగా చూశాడు.

"చెక్క" అన్నాడు.