వైర్ల టీచరమ్మ మూడో లక్ష్యం

ఊరి బడిలో ఎనిమిదో తరగతి వరకే చదివినా, హైస్కూల్లో ముప్పై రెండేళ్లు అటెండరుగా చేశాను. గంట ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా కొట్టాను. రెండుసార్లు ఆఫీసు గదిలోకి వాన నీళ్లొచ్చినా స్టాకు రిజిస్టరు తడవనివ్వలేదు. ఐదుగురు హెడ్మాస్టర్లు మారారు గానీ తాళాల గుత్తి నా నడుము దిగలేదు. గొప్పకు చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ, గొప్పే. అయితే నేను రాయబోయే మనిషిని ఆ తాళాల గుత్తే ఎక్కువ ఏడిపించింది కనుక ముందు దాని సంగతి చెప్పాల్సి వచ్చింది.

ఆమె మా సైన్సు టీచరు. సంచిలో ఎప్పుడూ నాలుగు రకాల వైర్లు ఉండేవని పిల్లలు వైర్ల టీచరమ్మ అనేవారు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. పొద్దున్నే ఆవిడకు ఒళ్లు తుడిచి, పక్క బట్టలు మార్చి, రెండు బస్సులు మారి బడికి వచ్చేది. స్టాఫ్ రూములో సంచి దించగానే ఐదు నిమిషాలు గోడకు తల ఆన్చి కళ్లు మూసుకునేది. ఆ ఐదు నిమిషాలూ నేను ఎవరినీ లోపలికి పోనిచ్చేవాణ్ణి కాదు.

ఏటా వేసవి సెలవుల తర్వాత బడి తెరవగానే టీచర్లంతా ఒక కాగితం నింపాలి. పాఠాల్లో కంప్యూటర్లూ ట్యాబులూ ఎలా వాడతారో మూడు లక్ష్యాలు రాసివ్వాలి. చాలామంది పోయినేటి కాగితానికి తేదీ మార్చి ఇచ్చేవారు. ఆ ఏడు ఈమె మాత్రం నాలుగు రోజులు తీసుకుంది. దాన్ని ఆఫీసుకు మోసింది నేనే, దారిలో చదివాను కూడా. వారానికి ఒక పాఠం తెర మీద చూపించడం మొదటిది. అర్థం కానివాళ్లు మళ్లీ చూసుకునేలా పాఠాలు రికార్డు చేసి ఉంచడం రెండోది. మూడోది ఇలా ఉంది: ఏడో తరగతిలో నలభై ఆరు మందీ, ఒక్కరు తప్పకుండా, తమ చేత్తో ట్యాబు మీద ఒక పని పూర్తి చేయాలి.

"ఇదేం పెద్ద పనమ్మా?" అన్నాను.

"పెద్దదే బాబాయ్. ముందు బెంచీ వాళ్లు నొక్కుతారు, వెనక బెంచీ వాళ్లు మెడలు సాచుతారు. పదో తరగతి దాకా అంతే."

మొదటి రెండూ అర్ధ సంవత్సర పరీక్షల లోపే చేసేసింది. మూడోదానికి ట్యాబులు కావాలి. మూడేళ్ల క్రితం వచ్చిన ఇరవై నాలుగు నా బీరువాలో ఉన్నాయి. ఆమె అడిగినప్పుడల్లా "పిల్లలు పగలగొడతారమ్మా, తనిఖీకి తీద్దాంలెండి" అని తప్పించాను. చివరికి తనిఖీ రానే వచ్చింది. శుక్రవారం ఆఫీసరు వచ్చి ఒక పీరియడు కూర్చుని చూస్తారట. మూడో లక్ష్యం ఆ పీరియడులో పూర్తి కాకపోతే ట్యాబులు వేరే బడికి వెళ్లిపోతాయని హెడ్మాస్టారు చెప్పారు.

సోమవారం బీరువా తీశాను. ఒక్కోదాన్నీ ఉతికిన గుడ్డలో చుట్టి, మధ్యలో కలరా ఉండలు వేసి ఉంచాను. దేని మీదా గీత లేదు.

"కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయి బాబాయ్! చార్జింగు ఎప్పుడు పెట్టారు?"

"వాడనిదానికి చార్జింగు ఎందుకమ్మా? టార్చిలైటు వాడకపోతే సెల్లు తీసి దాచమూ? అలాగే మొత్తం ఖాళీ చేసి పెట్టాను. మూడేళ్లలో ఒక్కసారి కరెంటు తగలనివ్వలేదు."

ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. "అలా ఖాళీగా వదిలేస్తే లోపలి బ్యాటరీ చచ్చిపోతుంది బాబాయ్," అంటూ సంచిలోంచి వైర్లు తీసింది. సాయంత్రానికి పదకొండు వెలిగాయి. పదమూడు వెలగలేదు, వాటిలో రెండింటికి వెనక పొట్ట ఉబ్బింది. ఆ రెంటినీ ఎవరూ ముట్టకుండా దూరంగా పెట్టించి, బెంచీ మీద కూలబడింది.

"నన్ను తిట్టండమ్మా."

"తిట్టడానికి ఓపిక ఉండాలి కదా బాబాయ్. ఉన్నదంతా ఇంటి దగ్గరే అయిపోతోంది."

గురువారం బోర్డు మీద లెక్క వేసింది. ఆకును ఫొటో తీసి, దాని భాగాలకు పేర్లు టైపు చేయాలి. అక్షరాలు వెతుక్కోవడానికే ఒక్కొక్కరికి పది నిమిషాలు. పదకొండు గుంపులు. తొమ్మిదింట్లో నలుగురేసి, రెండింట్లో ఐదుగురేసి. పీరియడు నలభై నిమిషాలు.

"ఇద్దరు మిగులుతున్నారు," అంది.

"ఇద్దరే కదా, కాగితంలో దిద్దేయండి."

"మిగిలేది ఎవరో నాకు తెలుసు బాబాయ్. ఎప్పుడూ వాళ్లే మిగులుతారు."

శుక్రవారం చివరి పీరియడు. ఆఫీసరు వెనక కుర్చీలో, హెడ్మాస్టారు తలుపు దగ్గర. నేను వరండాలో గంట కింద నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. ముప్పై తొమ్మిదో నిమిషానికి నలభై నాలుగు మంది చేశారు. మిగిలిన ఇద్దరి చేతుల్లోకి ట్యాబులు అప్పుడే వచ్చాయి. చివరి బెంచీ పిల్ల ఒక్కో అక్షరానికీ వేలు పైకెత్తి, టీచరమ్మ మొహం చూసి, అప్పుడు నొక్కుతోంది.

సుత్తి నా చేతిలోనే ఉంది. కొట్టలేదు.

పక్క గదిలోంచి లెక్కల మాస్టారు అరిచారు. "ఏమయ్యా పెద్దాయనా, నిద్రపోయావా?"

"మెలకువగానే ఉన్నానండీ!" అన్నాను.

ఆ పిల్ల ఆఖరి పేరు రాసి తల ఎత్తాక గంట కొట్టాను. పది నిమిషాలు ఆలస్యం.

ఆఫీసరు గడియారం చూసుకుని, "పీరియడు దాటింది కదమ్మా? ట్యాబులు కూడా ఇరవై నాలుగు ఉండాలి," అన్నారు.

"నేను ముందే చూసుకోవాల్సింది సార్, పొరపాటు నాదే," అంది టీచరమ్మ, బల్లను పట్టుకుని నిలబడి.

నాకు ఆగలేదు. "కాదండీ. అడిగితే ఇవ్వనిది నేను, చార్జింగు లేకుండా చంపింది నేను, గంట ఆపింది కూడా నేనే." స్టాకు రిజిస్టరు తెచ్చి, ఆయన ముందే నా చేత్తో పదమూడు పాడైనట్టు రాసి, కారణం దగ్గర నా పేరు పెట్టాను. ముప్పై రెండేళ్లలో ఆ గడిలో అదే మొదటి రాత.

ఆయన రిజిస్టరు చూశారు, నన్ను చూశారు. "గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్లీ గంట కొట్టే వరకూ పీరియడే కదా," అని మూడో లక్ష్యం పక్కన టిక్కు పెట్టి, పదకొండూ ఇక్కడే ఉండొచ్చని రాసి వెళ్లిపోయారు.

ఆమె సంబరపడుతుందనుకున్నాను. ఖాళీ గదిలో ట్యాబులన్నీ ఒకచోట పేర్చి, వాటి పక్కనే చెయ్యి ఆనించి కాసేపు కూర్చుంది. వేలిముద్రలతో అద్దాలన్నీ జిడ్డుగా ఉన్నాయి.

"బాబాయ్, బస్సు పోయింది కదా?"

"పోయిందమ్మా. ఇంకోటి ముప్పావు గంటకు."

"అయితే రండి," అని సంచిలోంచి వైర్లు తీసింది. "ఇవి మళ్లీ చార్జింగుకి పెట్టాలి. ఈసారి మీరు పెట్టండి, నేను చూస్తాను."