బొత్తాల సొరుగులో ఇంగ్లీషు

మా బాబాయి ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఇందులో వింతేముంది అంటారేమో, ఆయన ఇంగ్లీషు మొత్తం కుట్టుమిషను పక్కనున్న బల్ల నాలుగు సొరుగుల్లో పట్టేసేది. అంతకు మించి ఒక్క మాట తాను వాడేవాడు కాదు, ఎదుటివాళ్ళని వాడనిచ్చేవాడూ కాదు.

బాబాయి దర్జీ. ఆ కొట్టులో గుడ్డ కత్తిరించేది నేను. కాబట్టి ఆ ఇంగ్లీషు దెబ్బ అందరికంటే ఎక్కువ తిన్నది నేనే.

స్కూలు టీచరుగారొకరు ప్యాంటు పొడవు తగ్గించుకోడానికి వచ్చి, మాటల్లో మాటగా, "ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నా జనం రోజూ తిప్పితిప్పి వాడేవి కొన్నేనండీ. పేర్లలో ఇవీ, పనుల్లో ఇవీ అని పండితులు లెక్కగట్టి మరీ చెప్పారు" అన్నారు. అంతే, బాబాయి ఆయన్ని సాయంత్రం దాకా కదలనివ్వలేదు. ఇంగ్లీషు ధ్యాసలో ప్యాంటు ఒక కాలు మాత్రమే పొట్టి చేసి పంపించాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి సొరుగులన్నీ తెరిచి కూర్చున్నాడు.

"చూడమ్మాయ్, మాట్లాడటమంటే చొక్కా కుట్టడమే. పేర్లు బొత్తాలు. టైమ్, పర్సన్, ఇయర్, డే. పనులు సూదులు. బీ, హావ్, డూ, సే, గో. గుచ్చితేగానీ ఏదీ కదలదు. గుడ్, న్యూ, ఫస్ట్, లాంగ్, ఇవి లేసులు. అందానికి. ఇక టు, ఆఫ్, ఇన్, విత్ అన్నవి హుక్కులు. చూడ్డానికి ఏమీ ఉండవు, ఊడితే మాత్రం పరువు పోతుంది."

"మరి మిగతా ఇంగ్లీషంతా?"

"అవి పెళ్ళిబట్టలు. రోజూ ఎవరు కట్టుకుంటారు?"

నేర్చుకుని ఊరుకుంటే బాధ లేదు. ఎవరు కొట్టు మెట్టెక్కినా, వాళ్ళు సొరుగుల్లోంచి ఓ మాట చెబితేగానీ మెడలో టేపు తీసేవాడు కాదు. ఒకసారి బ్యాంకులో పనిచేసే ఆయనొకరు మంచి సూటు గుడ్డ తెచ్చారు. "ఐ వుడ్ అప్రీషియేట్ ఏ కంఫర్టబుల్ ఫిట్టింగ్" అన్నారు పాపం, బాబాయి సంతోషిస్తాడని. బాబాయి చెవులు మూసుకున్నాడు.

"అయ్యా, అంత లేసు నేను మోయలేను. మన సొరుగుల్లోంచే సెలవియ్యండి."

ఆయన గుడ్డ చంకలో పెట్టుకుని ఎదురు కొట్టుకి వెళ్ళిపోయారు. "బంగారం లాంటి బేరం పోగొట్టావు కదా!" అని నేను నెత్తి కొట్టుకుంటే, "గుడ్ పర్సన్. గో అయ్యాడు. మళ్ళీ వస్తాడు" అన్నాడు నిబ్బరంగా. ఆయన మళ్ళీ రాలేదు.

పాలాయన గొడవ ఇంకోటి. "గుడ్ మిల్క్" అంటూ లోపలికొచ్చాడు హుషారుగా.

"మిల్క్ మన బొత్తాల్లో లేదోయ్."

"పాలు లేకుండా పాలవాణ్ణి ఏం మాట్లాడను బాబూ?"

"టైమ్ గురించి మాట్లాడు. బొత్తాలన్నిట్లోకీ అది పెద్దది."

అప్పట్నుంచి ఆయన బారెడు పొద్దెక్కి వచ్చినా "గుడ్ టైమ్!" అనే వచ్చేవాడు. ఆలస్యమైందేమని అడగడానికి మా దగ్గర మాటలు లేవు.

బాబాయికి ఎదురు నిలిచింది పిన్ని ఒక్కతే. ఆవిడకి కోపం వస్తే సూదుల సొరుగు మాత్రమే తెరిచేది. "గో! డూ!" అంటే బాబాయి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చేవాడు. కానీ ఒక్క విషయంలో పట్టుపట్టింది.

"ఈట్ ఎక్కడుంది? ఏ సొరుగులో పెట్టావు?"

"అది పైవరసలో లేదే. టీచరుగారు చెప్పలేదు."

"ఆ టీచరు పస్తులుంటాడేమో, నేనుండను. అన్నం లేని భాష నా కొట్టులో వద్దు" అని, తన చేత్తోనే ఈట్‌ని తెచ్చి సూదుల్లో పడేసింది. బాబాయి ఆ పూట అలిగాడు. భోజనం వేళకి మర్చిపోయాడు.

వీధిలో తలో మాటా అనుకున్నారు. విదేశం పోతున్నాడన్నారు, ఎన్నికల్లో నిలబడతాడన్నారు. నేనైతే, "మతి తప్పింది, ఏదైనా తాయెత్తు కట్టించి నయం చేయించండి" అని పిన్నితో బాహాటంగానే అనేదాన్ని. కొట్టులో మా మాటలు వినడానికి, మూలన కూర్చుని కాజాలు కుట్టే కాజాలమ్మాయి తప్ప ఎవరుంటారు? ఆమెకి తెలుగు రాదు. అందుకని మా గుట్లన్నీ ఆమె ముందే విప్పుకునేవాళ్ళం.

ఈ కాజాలమ్మాయి ఎక్కడో దూరం నుంచి పని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భాష మా వీధిలో ఒక్కరికీ రాదు. మా భాష ఆమెకి రాదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాత్రం వచ్చు. ఆమె కుట్టిన కాజా చూస్తే బొత్తాం తనంతట తనే వెళ్ళి దూరేది, అంత పనిమంతురాలు. కానీ మొదట్లో గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తినేది. బాబాయి ఇంగ్లీషు తంతు మొదలయ్యాక కాస్త ఇటు తిరిగింది. పాలాయన "న్యూ పర్సన్, గుడ్ డే!" అంటే తలెత్తి నవ్వేది. ఆ తంతుని చూసి నవ్వని వాళ్ళెవరులే అనుకున్నాను నేను.

ఒక ఉదయం ఆమె అన్న వచ్చాడు. ఖాళీ సంచి ఒకటి తెచ్చాడు. బాబాయి ముందు నిలబడి వచ్చీరాని ఇంగ్లీషులో, "షీ గో. హియర్ షీ హావ్ నో పర్సన్" అన్నాడు.

ఖర్మ ఏమిటంటే, ఆ మాటల్లో గుచ్చుకునేవన్నీ బాబాయి సొరుగుల్లోవే. వెంటనే అర్థమైపోయాయి.

చేతిలో ఉన్న చొక్కా పూర్తిచేసి వస్తానన్నట్టు కాజాలమ్మాయి అన్నకి సైగ చేసింది. అతను గుమ్మం బయట బల్లమీద కూర్చున్నాడు. బాబాయి మిషను తొక్కుతున్నాడు, సూదిలో దారం లేదు. నాకు చూడబుద్ధి కాలేదు.

"బాబాయ్, ఉండమని ఓ మాట అనొచ్చుగా."

సొరుగులన్నీ ఒకదాని తర్వాత ఒకటి లాగి చూశాడు. "ఆ మాట నా దగ్గర లేదమ్మాయ్. గో ఒక్కటే పెట్టుకున్నాను. ఎంత తెలివితక్కువ పని చేశానో" అన్నాడు. అరనిండా దారం ఉండగా, దారం తెస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

"ఈయన పిచ్చికి మందు లేదు" అన్నాను విసుగ్గా.

పిన్నికి చర్రున కోపం వచ్చింది. "ఎవరికే పిచ్చి? ఆ పిల్ల చేరిన కొత్తలో వేలికి సూది దిగబడి ఏడిస్తే, ఏం చెబుతోందో మనకెవరికైనా తెలిసిందా? ఆ రోజు మీ బాబాయి అన్నం ముట్టలేదు. నొప్పి అని చెప్పుకోడానికి కూడా మనిషి లేని చోట ఎలా ఉంటుందే అని మంచం మీద దొర్లాడు. ఆ పిల్లకి నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చని కనిపెట్టి, తర్వాత ఆ టీచర్ని పట్టుకున్నాడు. వీధి వీధంతా ఆ నాలుగు ముక్కలూ పలికితే ఆ పిల్లకి పలకరింపు ఉంటుందని."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. "మరి ఆ మాట అందరితో చెబితే పోయేదిగా!"

"నేనూ అదే అన్నాను. చెబితే జాలిపడి పలకరిస్తారట, అది ఆ పిల్లకి చిన్నతనమట. నాకు పిచ్చనుకుంటే పోయేదేముంది, దాన్ని పరాయిదనుకుంటేనే నష్టం అన్నాడు."

నాకు సిగ్గేసింది. బాబాయిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. మూలన కాజాలమ్మాయి తల వంచుకుని కుడుతూనే ఉంది.

భోజనం వేళకి బాబాయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పిన్ని ఆమె అన్నని కూడా లోపలికి పిలిచి, అందరికీ కంచాలు పెట్టింది. కాజాలమ్మాయి కంచంలో ఇంత వడ్డించి, "ఈట్... గుడ్ ఈట్" అంది.

"కొంచెం చాలు పిన్నిగారూ," అంది కాజాలమ్మాయి. "సాయంత్రం కూడా ఇక్కడే తింటాను కదా."

పిన్ని చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పలుకుతున్నది శుభ్రమైన తెలుగు.

"నీకు తెలుగొచ్చా?" అని నేను కేకేశాను.

"వచ్చు. మీరు రోజంతా మాట్లాడుతూనే ఉంటారుగా అక్కా, రాకేం చేస్తుంది?"

పాలాయన ఆలస్యాల మీద, పిన్ని గురక మీద నేను ఆమె ముందు అన్నవన్నీ కళ్ళముందు తిరిగాయి.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదు తల్లీ?" అన్నాడు బాబాయి.

ఆమె తల దించుకుంది. "మాట్లాడితే మీరు సొరుగులు మూసేస్తారేమోనని. మీకు ఇంగ్లీషంటే అంత ముచ్చట అనుకున్నాను. నా కోసమని ఇందాకే తెలిసింది."

తర్వాత అన్న వైపు తిరిగి తమ భాషలో గడగడా చాలాసేపు చెప్పింది. అతను ఒకసారి సొరుగుల్నీ, ఒకసారి మమ్మల్నీ చూశాడు. తిన్నాక సంచి మడిచి జేబులో పెట్టుకుని, బాబాయి ముందుకొచ్చి, చొక్కా కొలతలకి చేతులు చాపి నిలబడ్డాడు. బాబాయి టేపు తియ్యలేదు. కొట్టు నియమం కొట్టు నియమమే. అతను కాసేపు తడుముకుని, "గుడ్ పర్సన్" అన్నాడు. అప్పుడు తీశాడు టేపు. కళ్ళు చెమ్మగిల్లి, కొలత తప్పు చదివాడు. ఆ చొక్కా అతనికి ఇప్పటికీ వదులే.

ఇక పీడ వదిలింది, హాయిగా తెలుగులో మాట్లాడుకోవచ్చు అనుకుంటూ మర్నాడు కొట్టుకి వెళ్ళాను. బాబాయి నాలుగు సొరుగులూ ఖాళీ చేసి తుడుస్తున్నాడు. కాజాలమ్మాయి పక్కన కూర్చుని నవ్వుతోంది.

"చెప్పమ్మా," అంటున్నాడాయన, "మీ భాషలో జనం రోజూ ఎక్కువగా వాడే బొత్తాం ఏమిటి?"

లోపల్నుంచి పిన్ని కేకేసింది. "ముందు అన్నాన్ని ఏమంటారో అడుగు!"